పేరు పొరబడినప్పుడు

తెలియని వస్తువును తెలిసిన పేరుతో పిలవడం మానవునికి భాషతోపాటు వచ్చిన అలవాటు. ఈ అలవాటు ఎంత సహజమైనదో చూడదలచినవారు నిఘంటువులు తిరగవేయనక్కరలేదు. ఏదైనా సెలవురోజున ఒక థీమ్ పార్కుకు వెళ్లి, టిక్కెట్ల వరుసలో అరగంట నిలబడితే చాలు. అక్కడి ఆటలకు పెట్టిన పేర్లు ఒక భాషవి, వాటిని చదివే నోళ్లు మరొక భాషవి. ఈ రెండింటి నడుమ పుట్టే హాస్యం ఏ నాటక రచయితకూ తీసిపోదు.

జెయింట్ వీల్ ‘జాయింటు వీలు’గా మారి చాలాకాలమైంది. సిమెంటుతో చేసిన ప్రాచీన సరీసృపాల ఉద్యానం పిల్లల నోట ‘జూ రాక్షసుల పార్కు’ అయింది. రోలర్ కోస్టర్‌ను ‘రోలరు కోస్తా’ అని విన్న ఒక రాయలసీమ పెద్దాయన, “ఇది కోస్తావాళ్లదైతే మన సీమది యాడుందిరా?” అని మనుమణ్ణి అడగడం నేను విన్నాను. ఆయన వెంట ఉన్న ఇల్లాలు కృత్రిమంగా అలలు పుట్టించే కొలను చూడాలనుకున్నది. ‘వేవ్ పూల్’ అన్న మాట ఆమె చెవికి ‘వేపపూలు’గా చేరింది. “వేపపూల కాడికి ఎట్ల పోవల్ల నాయనా?” అని ఆమె అడగగానే కాపలాదారు ఏమాత్రం తడబడకుండా చేయి చూపాడు. వెనుక నిలబడినవారు మాత్రం చాలాసేపు నవ్వారు.

ఈ నవ్వు మంచిదా, చెడ్డదా? ప్రశ్న చిన్నదే. కాని ఒకరి అజ్ఞానం ఎదురైనప్పుడు తెలిసినవారి కర్తవ్యమేమిటన్న పెద్ద ప్రశ్న దానిలో ఇమిడి ఉన్నది.

భ్రాంతి స్వరూపాన్ని మన దార్శనికులు శతాబ్దాలపాటు చర్చించారు. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం వారికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక వస్తువు మరొక వస్తువుగా తోచడమే భ్రాంతి అని నైయాయికులన్నారు. మీమాంసకులలో ప్రాభాకరులు దీనిని అంగీకరించలేదు. ఎదుట ఉన్న మెరుపును చూడడం నిజమైన ప్రత్యక్షమే. వెండి గుర్తుకు రావడం నిజమైన స్మృతే. ఈ రెండింటి నడుమ ఉన్న భేదాన్ని గ్రహించకపోవడమే లోపమని వారి వాదం. ఈ దృష్టితో చూస్తే ‘వేపపూలు’ అన్న మాటలో అసత్యమేదీ లేదు. ఆమె చెవి విన్నది నిజం, ఆమె జ్ఞాపకంలో ఉన్న వేపచెట్టు నిజం. వాటి మధ్య సన్నని గీత మాత్రమే చెరిగిపోయింది. కొత్తదానిని పాతదానితో ముడివేయడం అందరి బుద్ధీ చేసే పనే.

నైయాయికులు జ్ఞానానికి మరొక పరీక్ష కూడా పెట్టారు. ఒక జ్ఞానాన్ని నమ్మి చేసిన ప్రయత్నం ఫలించిందా, లేదా అన్నది ఆ పరీక్ష. వెండి అనుకొని వంగినవాని చేతికి చిప్ప దొరికితే భ్రాంతి బయటపడుతుంది. మన ముసలమ్మ విషయంలో ప్రయత్నం ఫలించింది. ఆమె కొలను చేరుకున్నది, అలలలో కాళ్లు తడుపుకొన్నది. పేరు తప్పినా పని తప్పలేదు.

మరొక విషయం కూడా గమనించదగినది. పేర్లు తప్పడం నిరక్షరాస్యుల సొత్తు కాదు. ముంబయి సమీపంలోని ఘారాపురి దీవిలో పోర్చుగీసువారికి ఒక రాతి ఏనుగు కనిపించింది. మహత్తరమైన శివమూర్తులున్న ఆ దీవికి వారు ‘ఎలిఫెంటా’ అని పేరు పెట్టారు. ఏనుగు దీవిని విడిచి ముంబయిలోని జీజామాత ఉద్యానానికి చేరినా పేరు మాత్రం అక్కడే నిలిచింది. ‘రాజమండ్రి’ అన్న పేరును ఆంగ్లేయులు తమ నోటికి వీలైనట్లు రాసుకున్నారు. ఆ రాతే దస్తావేజులకు ఎక్కింది. 2015లో ‘రాజమహేంద్రవరం’ అన్న పేరును అధికారికంగా పునరుద్ధరించవలసి వచ్చింది. అధికారి నోట పొరబడిన పేరు పటంలో చేరుతుంది, సామాన్యుని నోట పొరబడినది హాస్యకథలో చేరుతుంది. నవ్వేముందు ఈ భేదాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవడం న్యాయం.

అయితే ప్రజల పొరపాట్లన్నిటినీ అమాయకమైనవని మురిసిపోవడం కూడా సరికాదు. దీనికి మన చరిత్రలోనే రెండు సాక్ష్యాలున్నాయి.

మొదటిది హైదరాబాదులోనిది. నిజాం కొలువులో సేనానిగా ఉన్న ఫ్రెంచివాడు రేమండ్ 1798లో మరణించాడు. విదేశీయమైన ఆ పేరు స్థానికుల నోళ్లలో తిరిగి తిరిగి హిందువులకు ‘మూసారాం’ అయింది, ముస్లింలకు ‘మూసా రహీం’ అయింది. అతని సమాధిని ఇరువురూ గౌరవించారు. నేటి మూసారాంబాగ్ ఆ పొరపాటుకు మిగిలిన గుర్తు. అందులో ఒక్క అక్షరం కూడా కచ్చితమైనది కాదు. అయినా పరాయివానిని తమవానిగా చేసుకున్న ఆదరం అందులో ఉన్నది. దీనిని ఏ పండితుడు సవరించబూనినా మనకు కలిగే లాభం స్వల్పం.

రెండవది అనకాపల్లి సమీపంలోని శంకరం గ్రామానిది. అక్కడి కొండలపై తొలిచిన గుహలు, బుద్ధ ప్రతిమలు, ఏకశిలా స్తూపాలు ఉన్నాయి. 1907లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపాడు. బౌద్ధ ‘సంఘారామం’ అన్న మాటే కాలక్రమాన ‘శంకరం’ అయిందని చెబుతారు. వరుసలు తీరిన స్తూపాలు లింగాలుగా తోచి, ఒక కొండ ‘లింగాలమెట్ట’ అయింది. ‘బుద్ధుని కొండ’ కాస్తా ‘బొజ్జన్న కొండ’ అయింది. ఇంతవరకు ఇదంతా చిరునవ్వుతో చెప్పుకోదగిన ముచ్చటే. బొజ్జ అన్న మాట వినగానే తెలుగువానికి గణపతి గుర్తుకు వస్తాడు గదా!

కాని ఇక్కడ కథ మరొక దారి పట్టింది. కొండ దిగువన పొట్ట ఆకారంలో ఉన్న ఒక రూపాన్ని రాక్షసుని శరీరభాగమని జనం నమ్మారు. ఏటా కనుమనాడు వందలాదిమంది చేరి దానిపై రాళ్లు రువ్వడం ఆచారమైంది. అహింసను బోధించినవాని ఆరామంలో, అతని పేరే మరుగునపడిన చోట, ఆ రాళ్లు పడుతూ వచ్చాయి. రువ్వినవారిలో ద్వేషం లేదు. వారి దృష్టిలో అది పండుగ వేడుక. వారసత్వ పరిరక్షణను కోరేవారి ప్రయత్నాల వల్ల ఇటీవలి సంవత్సరాలలో ఆ అలవాటు ఆగింది.

మూసారాం, బొజ్జన్న – ఈ రెండు పేర్లనూ పుట్టించినది ఒకే చెవి, ఒకే నాలుక. ఒకచోట ఆదరం కలిగింది, మరొకచోట రాయి లేచింది. కనుక దోషం పేరు పొరబడడంలో లేదు. పొరబడిన పేరు మన చేతులచేత ఏమి చేయిస్తున్నదన్న దానిలో ఉన్నది. నైయాయికుల పరీక్షను నీతి విషయంలో ఈ విధంగా అన్వయించుకోవచ్చు.

పేరు తప్పినవానిపట్ల మనం సాధారణంగా మూడు రకాలుగా ప్రవర్తిస్తాం. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు నలుగురిలో సవరించి చిన్నబుచ్చుతారు. మరికొందరు, ముఖ్యంగా చదువుకున్నవారు, ‘జానపదుల ఊహాశక్తి ఎంత గొప్పది!’ అని మెచ్చుకొని తమ దారిన వెళతారు. మొదటిది సంభాషణను ముగిస్తుంది. రెండవది మరొకసారి అడిగే ధైర్యాన్ని చంపుతుంది. మూడవది పైకి ఉదారంగా కనిపించినా, తమకు తెలిసినది ఎదుటివానికి అనవసరమన్న నిర్ణయం అందులో దాగి ఉన్నది. శంకరంలో రాళ్లు అంతకాలం పడడానికి ఇటువంటి మెప్పుదలకు కూడా కొంత బాధ్యత ఉన్నదేమో ఆలోచించాలి.

ఆ కాపలాదారు చేసిన పని ఈ మూడింటిలో ఏదీ కాదు. అతడు ఆమె తప్పును పట్టుకోలేదు, ఆమె అవసరాన్ని పట్టుకున్నాడు. అక్కడికి అది చాలు. చరిత్ర విషయంలో మాత్రం ఆ తరువాత మరొక్క అడుగు వేయవలసి ఉన్నది. చారిత్రక స్థలాలను చూపే బాధ్యత గలవారు చూపరుల భాషలో, చూపరులకు అందే మాటలలో ఫలకాలు రాయించాలి. ఆంగ్లంలో చెక్కిన తేదీలు ఊరివారికి ఏమి చెప్పగలవు? ‘ఇది రాక్షసుని పొట్ట కాదమ్మా, ఇక్కడ ఒకప్పుడు భిక్షువులు ధ్యానం చేసుకునేవారు’ అని ఒక్క వాక్యం తెలుగులో వినిపించేవారుంటే ఏ చేయీ రాయి పట్టదు.

పొరబడిన పేరు నిజానికి ఒక ప్రశ్న. ‘నాకు తెలిసినది ఇంతవరకే, మిగిలినది ఏమిటి?’ అని అది మనల్ని అడుగుతున్నది. నవ్వు వస్తే నవ్వవచ్చు, మనిషి నవ్వకుండా ఉండలేడు. నవ్విన తరువాత జవాబు చెప్పడం మాత్రం తెలిసినవారు తీర్చవలసిన బాకీ.