విప్పితే పోని వేషం

వేషమంటే ఏంది? పొద్దున కట్టి సాయంత్రం విప్పేది. విప్పినాక మనిషి ఎప్పటి మనిషే. అందుకే దాన్ని వేషం అంటాం. మరి సాయంత్రం విప్పి దండెం మీద వేసినా ఒంటిని వదలనిదాన్ని ఏమనాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. రెండో తరగతి చదివే నా కొడుకు బడిసంచిలోంచి, డైరీకి పిన్ను కొట్టిన అరపేజీ కాగితంలోంచి వచ్చింది.

ఆ కాగితం కంటే ముందు వేషాల గురించి కొంచెం చెప్పాలి. మా అనంతపురం మెట్టల్లో వానలకు కరువుగానీ వేషాలకు కరువు లేదు. పీర్ల పండగ వస్తే మొక్కుకున్నవాళ్లు పులివేషం కడతారు. ఒంటినిండా పసుపుపచ్చ రంగు, దానిమీద నల్లచారలు, వెనకాల తోక. ముందర తప్పెట కొట్టేది మా గేరివాళ్లే. పిల్లలు నిలవడం లేదని మొక్కుకున్న తల్లులు బిడ్డల్ని ఫకీరు చేయిస్తారు. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి కాడికి పోతే ఏ మతంవాడు ఎవరో చెప్పలేం, అందరూ ఫకీర్లే. పండగ అయిపోతుంది. పులి రంగు కడుక్కుని శెనక్కాయ చేనికి పోతుంది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఇంకో రకం. మే నెలలో వారం రోజులు రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ని గంగమ్మ వేషాలు మార్చి వెతికిందని, దొర వేషంలో వాణ్ని చంపిందని, తర్వాత మాతంగి వేషంలో వాడి పెళ్లాన్ని ఓదార్చిందని కథ. తోటి వేషం రోజు జనం ఒంటికి బొగ్గుపొడి పూసుకుంటారు. తోటి అంటే ఎవరో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. ఊరికి వెట్టి చేసేవాడు తోటి. చచ్చిన గొడ్డును ఈడ్చేవాడు, దండోరా వేసేవాడు, చావుకబురు మోసేవాడు, పెద్ద అధికారి వస్తే గుర్రం ముందర పరిగెత్తేవాడు. దేవతకు కూడా ఎవరి కంటా పడకుండా ఊరంతా తిరగాలంటే తోటి రూపమే అక్కరకొచ్చిందేమో అని నాకనిపిస్తుంది. తోటిని చూసేదెవరు?

మొక్కు తీర్చుకునేవాళ్లను నేను ఆడిపోసుకోవడం లేదు. వాళ్ల భక్తి వాళ్లది. కానీ ఆ బొగ్గు మధ్యాహ్నానికి నీళ్లతో పోతుంది. బెజవాడ విల్సన్ 1966లో కోలారు బంగారు గనుల ఊళ్లో, తరతరాలుగా పాయిఖానాలు ఎత్తిన తోటి ఇంట్లో పుట్టాడు. బడిలో ఆయన్ను వెలివేసినట్టే చూశారు. సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి, 2016లో రామన్ మెగసెసే అవార్డు తీసుకునే దాకా వచ్చాడు. ఆ ఇంటికి ఏ నీళ్లతో పోయింది తోటితనం?

ఎదురుదిక్కునుంచి కూడా చూడొచ్చు. తెలంగాణలో చిందు మాదిగలు ఉన్నారు. 2005లో పోయిన చిందు ఎల్లమ్మ రేణుక ఎల్లమ్మ వేషం కట్టి వచ్చిందంటే ఊరు చేతులెత్తి మొక్కింది. కిరీటం తీసినాక ఆ చిందోళ్లు పోవలసింది మళ్లీ ఊరి చివరికే. దేవత వేషం విప్పితే పోతుంది, కులం విప్పితే పోదు. రెండూ ఒకే ఒంటిమీద ఉన్నాయి మరి.

ఇప్పుడు కాగితం. అది 2019. నవంబర్ 14 బాలల దినోత్సవానికి ఫ్యాన్సీ డ్రెస్. అంశం ‘మనకు సహాయపడేవారు’. పిల్లల పేర్లు ఒకవైపు, ఎదురుగా వేషాలు. మందుల షాపు వాళ్ల అబ్బాయి డాక్టరు. ఇసుక కాంట్రాక్టరు కొడుకు పోలీసు. ఇంకో పాప టీచరు. నా కొడుకు పేరుకు ఎదురుగా ఇంగ్లీషులో కాబ్లర్ అని ఉంది. దాని కింద స్వీపర్ అని ఉంది. అది ఎవరి పాపకు ఇచ్చినారో నేను చెప్పక్కర్లేదు. ఈ బడి కళ్యాణదుర్గంలో ఏ మూల ఉందో కూడా చెప్పను. పేరు మార్చి ఏ ఊళ్లో పెట్టినా ఆ కాగితం అట్లే ఉంటుంది.

మేడంను పోయి అడిగితే ఆమె చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. నవ్వుతూనే, “మీ ఇంట్లో సామాను ఉంటుంది కదా, మీకు ఖర్చు పడదని అట్ల రాశానండీ” అనింది. ఆమె మనసులో విషం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, కేసు పెట్టొచ్చు. దయకు ఏ చట్టం కింద కేసు పెట్టాలి?

కష్టం బడిలో కంటే ఇంట్లో ఎక్కువైంది. ఈ మాట విని మా మామ ముఖం వెలిగిపోయింది. “మనవడు నా వేషం కడతాడంటనా?” అని అటక మీది సంచి దింపినాడు. ఆరెలు, తోలుకోసే కత్తి, కొయ్య గూటం. ఒక్కొక్కటీ ఆముదం రాసి తుడిచినాడు. ఆయన చెప్పులు మాత్రమే కుట్టిన మనిషి కాదు. కరెంటు మోటార్లు రాకముందు ఈ చుట్టుపక్కల బావులన్నిటికీ కపిలే గతి. బానకు కట్టే తోలు తొండం కుట్టింది మా మామ, మా మామ నాయన. ఆ తొండం చినిగితే నీళ్లు మడికి ఎక్కవు, మళ్లీ బావిలోకే జారిపోతాయి. వానలు లేని ఈ నేలమీద వరి చూసిన ప్రతి రైతూ మా ఇంటి కుట్టును చూసినవాడే. అందుకు ఏడాదికొకసారి కళ్లంలో దూరంగా నిలబడితే మేర కింద చేటెడు గింజలు పోసేవాళ్లు. నీళ్లు మాత్రం పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు, ఆ బావి నీళ్లే.

నేను వద్దన్నాను. ఆయన సంచి మూతి కట్టేసి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత, “నా పని నీకు సిగ్గయిందా అమ్మా?” అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నా అనుకోండి. మన సభల్లో దీన్ని తేలిగ్గా దాటేస్తాం. కులవృత్తి బానిసత్వమని ఒకరు, శ్రమ సౌందర్యమని ఇంకొకరు ఉపన్యాసం ఇచ్చి టీ తాగి పోతారు. ఆముదం రాసిన ఆరె ముందర కూర్చున్న ముసలాయనకు ఆ రెండూ పనికిరావు. నేను ఇట్ల చెప్పినా: “సిగ్గు నీ పని గురించి కాదు మామా. నీ ఆరె ఆ డాక్టరు వేషం పిల్లోడు పట్టుకుని నిలబడితే అది వేషం. మనోడు పట్టుకుని నిలబడితే అది పరిచయం.”

“పరిచయమైతే ఏం?” అన్నాడు. “నేను ఎవరో చెప్పుకోగూడదా?”

“నువ్వు చెప్పుకుంటే వేరే మామా. వాళ్లు రాసి పంపిస్తున్నారు.”

పూర్తిగా ఒప్పుకోలేదు ఆయన. ఇప్పటికీ ఒప్పుకోలేదనే అనుకుంటా.

మధ్యలో మా ఆయన ఇంకో దారి తెచ్చినాడు. బాబాసాహెబ్ వేషం వేద్దాం, నీలం సూటు, కళ్లద్దాలు, చంకలో రాజ్యాంగం. మా ఇళ్లల్లో ఏ ఫ్యాన్సీ డ్రెస్ వచ్చినా చివరికి ఈ మాట రావలసిందే. నాకూ ఇష్టమే. అయినా ఆ సూటును వేషమని పిలవడానికి నాకు నోరు రాదు. గాంధీ 1921 సెప్టెంబర్ 22న మధురైలో చొక్కా వదిలి కొల్లాయి కట్టాడు. దేశం చేతులు జోడించింది. మా ముత్తాతలు ఏ మధురైకీ పోకుండానే గోచితో బతికినారు, ఎవరూ ఫోటో తీయలేదు. ఉన్నవాడు విప్పితే త్యాగమైంది. లేనివాడు తొడుక్కుంటే మాత్రం టెక్కు అన్నారు. అదే బాబాసాహెబ్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో పీష్వాల కాలం పూనా గురించి రాశాడు: అంటరానివాడు తన అడుగుజాడలు తానే ఊడ్చుకోవడానికి నడుముకు చీపురు, ఉమ్మి నేలమీద పడకుండా మెడలో కుండ కట్టుకుని నడవాలని. అది కూడా కట్టించిన వేషమే కదా. బడి కాగితంలో స్వీపర్ వేషానికి కావలసిన సామాను కింద రాసింది కూడా చీపురే.

నేను బడికి మళ్లీ పోయినా. ఈసారి పెద్ద మేడం ముందర ఒక్కటే అడిగినా. “శ్రమను గౌరవించాలని పాఠంలో ఉంది కదా మేడం. అన్ని పనులూ సమానమే కదా. అట్లయితే చీటీలు వేయించండి. నా కొడుక్కి చెప్పులు కుట్టేవాడు వస్తే నేనే కుట్టి పంపిస్తా. కాంట్రాక్టరు గారి అబ్బాయికి వస్తే మా మామ తన ఆరె ఇస్తాడు, వచ్చి ఎట్ల పట్టుకోవాల్నో నేర్పిస్తాడు.” ఆమె ఆలోచిస్తానంది.

నాలుగు రోజులకు కొత్త కాగితం వచ్చింది. చీటీలు వేయలేదు. చెప్పులు కుట్టేవాడు, వీధి ఊడ్చేవాళ్లు జాబితాలోంచే పోయినారు. వాళ్ల జాగాలో పైలట్, సైంటిస్టు వచ్చినారు. అందరికీ సమానంగా పంచమంటే ఆ గౌరవం ఎక్కడికి పోయిందో చూడండి. ఆ పని మా బిడ్డ చేతిలో ఉన్నంతసేపే అది పాఠం. పరాయి బిడ్డ చేతికి పోయే ప్రమాదం రాగానే పాఠంలోంచి ఆ పేజీ చింపేశారు.

మా మామ కాగితం చదివించుకుని విని, “పైలట్ మనకేం సాయం చేసినాడమ్మా? కళ్యాణదుర్గంలో విమానం ఎప్పుడన్నా దిగిందా?” అన్నాడు.

నా కొడుక్కి పోస్టుమాన్ వచ్చింది. మా ఆయన పాత ఆర్టీసీ ఖాకీ చొక్కా విప్పదీసి రెండు రాత్రులు కుట్టినా. భుజాలు సరిపోలేదు, కాలరు తిప్పి కుట్టాల్సి వచ్చింది. టోపీకి చెప్పుల డబ్బా అట్ట. సంచి మాత్రం మా మామ కుట్టినాడు, నిజమైన తోలుతో, నిజమైన కుట్టుతో. స్టేజి మీద అందరూ ఆ సంచి ఎక్కడ కొన్నారని అడిగినారు. మా మామ వెనక వరస కుర్చీలో కూర్చుని వింటూ ఏమీ మాట్లాడలేదు.

అమెరికాలో అక్టోబర్ 31న హాలోవీన్ అని పిల్లలు వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లు పంపే ఫోటోలు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. 2011లో అక్కడి ఒహాయో యూనివర్సిటీ విద్యార్థులు కొందరు పోస్టర్లు వేశారు. ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ల వేషం, ఈకలు పెట్టుకుని ఆదివాసుల వేషం కట్టేవాళ్లకు, మా బతుకు మీకు వేషం కాదు అని చెప్పినారు. నాకు ఆ పోస్టర్లు నచ్చినాయి. కానీ మా దగ్గర సమస్య ఇంకో మెలిక తిరిగింది. అక్కడ బయటివాడు వీళ్ల రూపం ఆటకు తొడుక్కుంటున్నాడు. ఇక్కడ ఆ రూపం మాకే తొడిగి, ఇదిగో వేషం, చప్పట్లు కొట్టండి అంటున్నారు. తిరుపతిలో తోటి కానివాడు తోటి అవుతాడు, బడిలో తోటి బిడ్డే తోటి అవుతాడు. రెండిట్లో ఏది ఎక్కువ బాధ అంటే నేను రెండోదే అంటా.

అయితే ఇక్కడితో ఆపేస్తే మాట సగమే చెప్పినట్టు. 2023 నవంబర్‌లో మా కాలనీలో ఒకామె నా మిషన్ కాడికి వచ్చింది. మున్సిపాలిటీలో కాంట్రాక్టరు కింద వీధులు ఊడుస్తుంది. కూతురు సర్కారు బడిలో నాలుగో తరగతి. తన పాత నారింజరంగు జాకెట్టు, మెరిసే పట్టీలున్నది, నా ముందర పెట్టి, “దీన్ని పాపకు సరిపోయేట్టు చిన్నగా చెయ్యి అక్కా, ఫ్యాన్సీ డ్రెస్సుకు” అనింది.

నా కొడుకు సంగతి చెప్పినా. ఎవరు వేయమన్నారని అడిగినా. ఆమె నన్ను వింతగా చూసింది. “ఎవురూ చెప్పలేదు. పాపే వేస్తానంటాంది. ఏం మాట్లాడాల్నో ఇద్దరం కూర్చోని రాసుకున్యాం” అనింది. రాసుకున్న కాగితం చూపించింది. వీధిని శుభ్రంగా ఉంచుతాను, ఆరోగ్యాన్ని కాపాడుతాను అని బడుల్లో చెప్పించే మాటలు అందులో ఒక్కటీ లేవు. మా అమ్మ తెల్లారుజామున నాలుగింటికి పోతుంది, చేతులకు తొడుగులు ఇవ్వలేదు, రెండు నెలల జీతం రాలేదు, మీరు వేసిన సీసాపెంకు ఇక్కడ గుచ్చుకుంది అని అరచెయ్యి చూపించాలి. అంతే.

ఇది పరిచయమే, వేషం కాదు. నా కొడుక్కి నేను వద్దన్నది సరిగ్గా దీన్నే. కానీ ఈ కాగితం రాసింది ఆ తల్లీ కూతురూ. మా మామ నన్ను ఆ రోజు అడిగింది కూడా బహుశా ఇదే, నేను ఎవరో నేను చెప్పుకోగూడదా అని.

ఆ మెరిసే పట్టీ నా మిషన్‌లో రెండు సూదులు విరగ్గొట్టింది. చేతితో కుట్టాల్సి వచ్చింది. దానికి మా మామ ఆరెతో బొక్కలు పెట్టి ఇచ్చినాడు. డబ్బు అడగలేదు.

బడిలో మొదట జాకెట్టు చూసి పిల్లలు నవ్వినారంట, మాటలు విని ఊరుకున్నారంట. మొదటి బహుమతి భారతమాతకు వచ్చింది. ఆ డిసెంబర్ చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినారు. మా ఊరి శిబిరానికి నేనూ పోయింటి. ఆ పాప అదే జాకెట్టుతో వచ్చి మైకు పట్టుకుని అవే మాటలు చెప్పింది. రెండు నెలల జీతం అన్న చోట మాత్రం మూడు నెలలని మార్చి చెప్పింది.