కొత్త కాపురానికి ఇల్లు ఎక్కడ?



పెళ్ళి ప్రకటనల కోసం వచ్చే యువతీ యువకులను మేము చాలా ప్రశ్నలు అడుగుతాం. జ్ఞానస్నాన పత్రం తెచ్చారా? భద్రమైన అభ్యంగనం పొందారా? ఇద్దరికీ మనస్ఫూర్తిగా ఇష్టమేనా? కాని "పెళ్ళయ్యాక ఎక్కడ కాపురం ఉంటారు?" అని మాత్రం చాలా ఏళ్ళు నేను అడగలేదు. అది పెద్దలు చూసుకునే సంగతి అనుకున్నాను.

అది పొరపాటని ఒక అమ్మాయి కన్నీళ్ళు నాకు నేర్పాయి. పెళ్ళయిన ఆరు నెలలకే ఆమె పెట్టె సర్దుకొని హైదరాబాదు నుండి పుట్టింటికి వచ్చేసింది. భర్త చెడ్డవాడు కాడు. తాగుడు లేదు, తిట్టడం లేదు. అద్దె తక్కువని నగరం చివర ఇల్లు తీసుకున్నాడు. ఉదయం ఏడింటికి వెళితే రాత్రి పదింటికి వచ్చేవాడు. గుడికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. ఆదివారం పూజ కాస్తా నెలకొక పూజ అయింది, తర్వాత పండుగ పూజ మాత్రమే మిగిలింది. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు, ఫాదర్ గారూ" అని ఆమె ఏడ్చింది. దేవుని దయవల్ల ఆ జంట ఇల్లు మార్చుకొని ఇప్పుడు చల్లగా ఉన్నారు. అప్పటినుండి ఆ ప్రశ్న అడగకుండా నేను ఏ పెళ్ళీ చేయడం లేదు.

ఈ మధ్య మరో జంట వచ్చారు. అబ్బాయికి మాదాపూర్‌లో ఉద్యోగం. అమ్మాయి సికింద్రాబాదులో నర్సు. అబ్బాయి కోకాపేటలో ఇరవయ్యో అంతస్తులో ఒక ఫ్లాటు చూసి ముచ్చటపడ్డాడు. "చుట్టాలొస్తే సరిపోవాలి, పెద్దదే తీసుకోండి" అని తల్లి కూడా అంది. అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. "ఏమ్మా, నీ మాటేమిటి?" అన్నాను. "రాత్రి డ్యూటీ దిగి పాతిక కిలోమీటర్లు ఎట్లా వచ్చేది, ఫాదర్ గారూ?" అంది. అబ్బాయి తెల్లబోయాడు. అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదికాండము 13వ అధ్యాయం గుర్తు చేసుకోండి. అబ్రహాము, లోతు విడిపోయేటప్పుడు, నీకు నచ్చిన చోటు నువ్వే ఎంచుకో అని పెద్దాయన అవకాశమిచ్చాడు. లోతు కన్నులెత్తి చూశాడు. యోర్దాను మైదానం నీళ్ళతో పచ్చగా కనిపించింది. అంతే, సొదొమ దాపున గుడారం వేశాడు. 19వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ పట్టణ ద్వారం దగ్గరే కూర్చొని ఉన్నాడు. అబ్రహాము హెబ్రోనులో మమ్రే వృక్షాల దగ్గర దిగి, అక్కడ ప్రభువుకు బలిపీఠం కట్టాడు. లోతు బలిపీఠం కట్టినట్టు ఎక్కడా లేదు. ఇంటివాళ్ళను అడిగినట్టూ లేదు. అతడు చూసింది నేలను. తన వాళ్ళు అక్కడ ఎట్లా బ్రతుకుతారో చూడలేదు.

ఆ జంటకు ఒక కాగితం ఇచ్చాను. "ఈ ఇంట్లో ఉంటే వారానికి ఎన్ని పూటలు ఇద్దరూ కలిసి అన్నం తింటారు? ఎన్ని ఆదివారాలు ఒకే పూజలో పక్కపక్కన మోకరిల్లుతారు? రాసుకోండి" అన్నాను. కోకాపేట లెక్క ఖాళీగానే మిగిలింది. చివరికి మెట్టుగూడలో రెండు గదుల పాత ఇల్లు తీసుకున్నారు. నాగోలు నుండి రాయదుర్గం వెళ్ళే మెట్రో ఆ దారినే పోతుంది. కనుక అబ్బాయి రైలు మారకుండా పనికి వెళ్తాడు, అమ్మాయికి ఆసుపత్రి దగ్గర. ఈత కొలను లేదు, బాల్కనీ లేదు. రాత్రి అన్నం మాత్రం ఎక్కువ రోజులు ఇద్దరూ కలిసే తింటున్నారు.

1983 నాటి శ్రీసభ చట్టం భార్యాభర్తలకు ఒకే నివాసం ఉండాలని చెబుతుంది. మూడు నెలలు ఉండే ఉద్దేశంతో ఒక విచారణలో దిగితే చాలు, అక్కడి విచారణ గురువు మీ గురువే. ఎవరి సిఫారసూ అక్కరలేదు. కాబట్టి సామాను దింపిన మొదటి నెలలోనే వెళ్ళి ఆయనను కలవండి, పేర్లు రాయించండి. చాలామంది పిల్ల జ్ఞానస్నానానికి గాని గుడి గడప తొక్కరు. అప్పటికి ఒంటరితనం ఎంత పని చేయాలో అంతా చేసి ఉంటుంది.

ఇల్లు చూడటానికి ఇద్దరూ కలిసే వెళ్ళండి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. నీళ్ళు ఎప్పుడొస్తాయో, రాత్రి ఆడపిల్ల ఆ వీధిలో నడవగలదో పక్కింటి ఆడవాళ్ళను అడగండి. మీ భాషలో పూజ ఏ వేళకో గుడిలో కనుక్కోండి. తల్లిదండ్రులారా, మీరు ఏడాదికి నాలుగు రోజులు ఉండటానికి వాళ్ళు ఏడాదంతా పెద్ద ఇంటి అద్దె మోయనక్కరలేదు.

జీతం చాలక దూరాన ఉండక తప్పనివారు మనలో ఉన్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అక్విలా, ప్రిస్కిల్లా దంపతులను రోము నుండి వెళ్ళగొట్టారు. కొరింతులో గుడారాలు కుట్టుకొని బ్రతికారు, తర్వాత ఎఫెసు చేరారు. ఎక్కడ ఇల్లు తీసుకున్నారో వాళ్ళు ఎంచుకున్నారని చెప్పలేం. కాని ఆ ఇంటి తలుపు తెరిచి ఉంచారు. విశ్వాసులు వాళ్ళ ఇంట్లోనే సమావేశమయ్యేవారని పౌలుగారు రాశారు. గుడి దూరమైతే శనివారం సాయంత్రం పక్క క్రైస్తవ కుటుంబాన్ని పిలిచి ఒక జపమాల చెప్పుకోండి. మీ పేరు తెలిసిన మనుషులు ఇద్దరు ముగ్గురు అక్కడే ఏర్పడతారు.

పట్టణానికి కాపురం వెళ్తున్న బిడ్డలారా, గుడారం వేయకముందే ఒకరినొకరు అడగండి. వేశాక బలిపీఠం మరవకండి. నజరేతు తిరుకుటుంబం మీ కొత్త గడపను కాపాడును గాక. ఆమెన్.