ఓపల్‌కు సాన

ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పెడీ అని ఒక ఊరుంది. 1915లో అక్కడ ఓపల్ అనే రత్నం బయటపడింది. ఎండలు తట్టుకోలేక ఇప్పటికీ చాలామంది నేలలోకి తొలిచిన ఇళ్లలోనే కాపురముంటారు.

గనిలోంచి వచ్చిన ముడిరాయి చూడ్డానికి మట్టి అంటుకున్న మామూలు రాయే. తడిపి వెలుతురులో తిప్పితే ఏదో ఒక అంచున పచ్చటి గీత తళుక్కుమంటుంది. సానపట్టే మనిషి ఆ గీతనే పట్టుకుని పోతాడు. రాయిని లక్కతో చిన్న పుల్లకు అంటించి, తిరిగే చక్రానికి మెల్లగా ఆనిస్తాడు. నీళ్లు పడుతూనే ఉండాలి. ఓపల్ లోపలే కొంత నీరుంటుంది, వేడెక్కిందా, పగిలిందే!

రంగు పొర ఒక్కోసారి గోరంత మందం కూడా ఉండదు. ఇంకాస్త అరగదీస్తే మెరుపు పెరుగుతుందేమోనన్న ఆశ ఉంది చూశారూ, మంచి రాళ్లను పొడి చేసేది అదే. వజ్రానికి చెక్కినట్టు ఓపల్‌కు సాధారణంగా ముఖాలు చెక్కరు, పైభాగాన్ని నున్నగా, ఉబ్బెత్తుగా ఉంచుతారు.

ఆ రంగులు ఏ వర్ణద్రవ్యం వల్లా వచ్చినవి కావు. వరుసగా పేర్చుకున్న సూక్ష్మమైన సిలికా గుళికలు వెలుగును విడదీస్తాయి. 1960ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితేగానీ ఈ సంగతి తేలలేదు. అంతకుముందు సానపట్టినవాళ్లకు ఆ శాస్త్రం తెలీదు. ఎటు తిప్పితే ఎరుపు పైకొస్తుందో మాత్రం బాగా తెలుసు. మామూలుగా ఎరుపున్న రాయికే ధర ఎక్కువ మరి.