విడిభాగానికి విడిగా విలువ ఉందా?

తక్కువ ఖర్చులో తొలి గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా కూర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న "ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిది?" అన్నదే. వినడానికి ఇది బజారు ప్రశ్న. దాని అడుగున మాత్రం భారతీయ దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది. భాగానికి తనంతట తనకు ఒక గుణం ఉంటుందా, లేక అది చేరిన మొత్తాన్ని బట్టి ఆ గుణం ఏర్పడుతుందా? దీనికి ఇచ్చుకునే జవాబును బట్టే కొనుగోలు మంచో చెడో అవుతుంది.

క్రీస్తు పూర్వం రెండో శతాబ్దపు యవన రాజు మినాండరుకూ బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ జరిగినట్టు చెప్పే సంవాదం పాళీ గ్రంథం 'మిలింద పన్హ'లో ఉంది. తాను రథమెక్కి వచ్చానంటాడు రాజు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతాడు. దేనికీ రాజు అవుననలేకపోతాడు. భాగాలన్నీ కూడినప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం, అంతకు మించి వేరే వస్తువేదీ లేదన్నది అక్కడ తేలిన మాట. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. దారాలు కలిసి వస్త్రమైనప్పుడు, ఆ అవయవాలకు భిన్నమైన అవయవి ఒకటి కొత్తగా పుడుతుందని వాళ్ల సిద్ధాంతం. ఒక కొస పట్టి లాగితే మొత్తం కదిలి వస్తుంది కదా, ఉత్త కుప్పకు ఆ లక్షణం ఎక్కడిదన్నది వాళ్ల వాదం.

బల్ల మీద పరిచిన ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు విడివిడిగా ఏ ఆటనూ నడపలేవు. బిగించి స్విచ్ వేశాక ఆ శక్తి వస్తుంది. ఈ మేరకు నైయాయికుల మాటలో బలముంది. అయితే కొనేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది నాగార్జునుడి మాట. శ్రీపర్వతం పేరుతో సంప్రదాయం తెలుగు నేలకు ముడిపెట్టే ఈ ఆచార్యుడు, దేనికీ సొంత స్వభావం లేదని, ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడే ఉంటుందని చెప్పాడు. ఆ మార్గంలోనే నడిచిన చంద్రకీర్తి రథం ఉదాహరణను తీసుకుని ఇంకో అడుగు ముందుకు వేశాడు. రథమే లేనప్పుడు దాని అవయవాలన్న మాటా నిలవదన్నాడు.

ఏఎమ్‌డీ 2022 జనవరిలో విడుదల చేసిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు దీనికి కళ్లెదుటి నిదర్శనం. దానిలో మెమొరీ 4 జీబీ. మదర్‌బోర్డుతో దాన్ని కలిపే లేన్లు నాలుగే. ఈ లేన్ల వేగాన్ని నిర్ణయించే ప్రమాణం పీసీఐఈ. దాని 4.0 తరం ఉన్న బోర్డు మీద ఆ నాలుగు లేన్లలో ఒక్కో వైపు సెకనుకు సుమారు 8 జీబీ సమాచారం ప్రయాణిస్తుంది. డబ్బు మిగులుతుందని చాలామంది తీసుకునే బీ450 రకం బోర్డు పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ దారి సగానికి సగం ఇరుకవుతుంది. ఆటలోని దృశ్యాల సరంజామా 4 జీబీలో పట్టకపోతే మిగిలిందంతా ప్రధాన మెమొరీ నుంచి ఈ ఇరుకు దారిలోనే రావాలి. అప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది. మంచి బీ550 బోర్డు కొని, అందులో రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ పెట్టినా ఇదే గతి, ఎందుకంటే ఆ ప్రాసెసరే పీసీఐఈ 3.0 దాటదు. ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమొరీ ఉన్న ఆర్ఎక్స్ 6600కు అదే పాత బోర్డు మీద వచ్చే నష్టం స్వల్పం. ఒకే కార్డు, డబ్బా మీద అవే అంకెలు, ఒక ఇంట్లో పనికొచ్చింది, ఇంకో ఇంట్లో పనికిరాలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ ముందు నిలబడి "అన్నా, ఈ కార్డు ఎట్లుంటది?" అని అడిగితే వెంటనే బాగుంటదనే దుకాణదారు కంటే, "నీ బోర్డేంది? మానిటరేంది?" అని ఎదురు ప్రశ్న వేసేవాడే దర్శనం తెలిసినవాడు.

ర్యామ్ విషయమూ ఇంతే. 16 జీబీ స్టిక్కు ఒక్కటి పెట్టడం కంటే 8 జీబీవి రెండు పెడితే ప్రాసెసర్‌కు మెమొరీతో రెండు చానళ్లు దొరుకుతాయి. పరిమాణం అదే, ఫలితం వేరు.

మానిటర్ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. పొందిక సరే, ఎంత ఉంటే చాలు? అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో మధ్యమార్గాన్ని వివరిస్తూ మైలో అనే మల్లుడి తిండి సంగతి ఎత్తాడు. పది మినాల తూకం ఎక్కువ, రెండు తక్కువ అయినంత మాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు మినాలు వడ్డించడు. మైలోకు ఆరు చాలవు, కసరత్తు కొత్తగా మొదలుపెట్టినవాడికి ఆరే ఎక్కువ. అందరికీ వర్తించే మధ్యమం లెక్కలో ఉంటుంది, మనిషిలో ఉండదు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 చిత్రాలే చూపిస్తుంది. కార్డు 140 తయారుచేసినా, స్పందనలో కొంత చురుకు తప్ప, కంటికి అదనంగా అందేది తక్కువ. 1080పీ తెరపై చుక్కలు దాదాపు 20.7 లక్షలు, 1440పీ తెరపై దాదాపు 36.9 లక్షలు. ఏ తెర, ఏ ఆట అన్నది తేలకుండా ఏ కార్డూ ఎక్కువా కాదు, తక్కువా కాదు.

అన్నీ తెలిసినవాళ్లూ జారిపోయే చోటు ఒకటుంది. 60,000 రూపాయలతో మొదలైన లెక్క, ఇంకో రెండు వేలు వేస్తే పై ప్రాసెసర్ వస్తుంది, ఇంకో మూడు వేలు వేస్తే పై కార్డు వస్తుంది అనుకుంటూ 90,000కు చేరుతుంది. ప్రతి మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. మొత్తం మాత్రం సబబు కాదు. మిలేటస్‌కు చెందిన యుబ్యులిడీస్ పేరున ప్రసిద్ధమైన ధాన్యరాశి చిక్కు సరిగ్గా ఇదే. ఒక్క గింజ కలిపినంత మాత్రాన కుప్ప కాదంటూ పోతే, కుప్ప ఎప్పుడైందో ఎవరూ చెప్పలేరు. తర్కం లోపల ఈ జారుడుకు అడ్డుకట్ట దొరకదు, దాన్ని బయటి నుంచి వేయాలి. జైన గృహస్థుల పరిగ్రహ పరిమాణ వ్రతం చేసేది ఆ పనే. ఎంత ఉండాలో శాస్త్రం అంకె చెప్పదు. ఎవరి హద్దును వాళ్లే ముందుగా నిర్ణయించుకుని, తర్వాత దాన్ని దాటకూడదంటుంది. హద్దును ముందుగా గీసుకోవాలన్న ఈ షరతులోనే వివేకమంతా ఉంది. మెరిసే పెట్టెల నడుమ నిలబడ్డాక గీసే గీత ఎప్పుడూ కోరికకు అవతలే పడుతుంది.

హద్దు గీసుకున్నాక కోత ఎక్కడ పెట్టాలన్నది మిగులుతుంది. సాధారణంగా అది పవర్ సప్లై మీద పడుతుంది, ఎందుకంటే దాని గొప్పతనం తెర మీద కనిపించదు. అభావాన్ని, అంటే లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించిన వైశేషిక దర్శనం వాళ్లు ఇక్కడ మంచి దారి చూపుతారు. మంచి పవర్ సప్లై ఇచ్చే ఫలం, జరగని నష్టం. వోల్టేజీ ఎగుడుదిగుడైనా బోర్డు కాలిపోలేదు, ఆట మధ్యలో యంత్రం ఆరిపోలేదు. ఆ లేకపోవడమూ నిజమైన విషయమే, దానికీ డబ్బు చెల్లించాలి. 80 ప్లస్ ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది గాని, రక్షణ ఏర్పాట్ల గురించి హామీ ఇవ్వదు. లేబుల్ మీద 12 వోల్టుల లైన్ ఎన్ని వాట్లు ఇవ్వగలదో విడిగా చూసుకోవాలి. ఖర్చు తగ్గించాలంటే రంగు దీపాలు, అద్దాల క్యాబినెట్ వదిలేసుకోవచ్చు, పవర్ సప్లై జోలికి పోకూడదు.

60 హెర్ట్జ్ 1080పీ మానిటర్ ముందు ఆడే తొలి కంప్యూటర్‌కు ఆరు కోర్ల రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్ఎక్స్ 6600, నమ్మకమైన కంపెనీ 550 వాట్ల పవర్ సప్లై ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి పేర్లు మారవచ్చు. ఆడబోయే ఆట, ఉన్న తెర, పెట్టగలిగే డబ్బు, ఈ మూడూ ఇంట్లోనే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే దుకాణం మెట్లెక్కాలి.