ఇరవై డిగ్రీల అవతల

బెర్న్ట్ స్పీగెల్ అనే జర్మన్ మనస్తత్వవేత్త మోటార్‌సైకిల్ నడిపే మనిషి గురించి ఒక పుస్తకమే రాశాడు. అందులోని ఒక మాట చాలాకాలంగా నన్ను వదలడం లేదు. పక్కకు వాలడంలో మనిషి ఒంటికి పుట్టుకతో వచ్చిన హద్దు ఒకటుందంటాడాయన. అది సుమారు 20 డిగ్రీలు. పరుగెత్తేవాడు మలుపులో అంతకుమించి వాలితే మట్టి మీదో పచ్చిక మీదో పాదం జారుతుంది. తరతరాలుగా అలా జారిపడిన ఒళ్లు ఆ లెక్కను లోపల భద్రం చేసుకుంది. మంచి రేసు టైరు పొడి తారు మీద 45 డిగ్రీలు దాటినా పట్టు వదలదు. కానీ ఒంటికి టైరు సంగతి తెలియదు, దానికి తెలిసింది పాదాల సంగతే.

ఆ తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 20 డిగ్రీల వాలుతో గంటకు దాదాపు 68 కిలోమీటర్ల వేగమే సాధ్యం. 45 డిగ్రీలు వాలగలిగితే అది దాదాపు 113. మధ్యలో ఉన్న ఆ 45 కిలోమీటర్లు ఇంజిన్‌లో లేవు, టైరులోనూ కొరత లేదు. అవి నా నమ్మకంలో ఉన్నాయి. వారాంతాల్లో నేను వెతుక్కుంటూ వెళ్లేది వాటినే.

నెల్లూరులో ఉద్యోగం చేసుకునే మనిషిని నేను. వీలు చిక్కిన శుక్రవారం సాయంత్రం బండిని చిన్న ట్రక్కులో తాళ్లతో బిగించి చెన్నై దారి పడతాను. ఆ దారిలోనే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది అక్కడే. ఇప్పుడు ఆ క్లబ్ పందేలు శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో. అక్కడి ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. అందులో మొదటిది, అందరూ సీ వన్ అని పిలిచేది, స్ట్రెయిట్ చివర వచ్చే వేగమైన కుడి మలుపు. ఇంకా వేగంగా పోవచ్చని తల చెబుతుంది, బండీ చెబుతుంది. అయినా మలుపు మధ్యలో కుడిచెయ్యి నన్ను అడక్కుండానే థ్రాటిల్ మూసేస్తుంది.

1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్ ఈ చెయ్యి గురించే జీవితమంతా ఆలోచించాడు. ప్రాణభయంతో ఒళ్లు తనంతట తాను చేసే పనులను ఆయన పేర్చి చూపించాడు. థ్రాటిల్ మూయడం, హ్యాండిల్‌ను గట్టిగా పట్టేయడం, చూపు ఇరుకైపోవడం, భయపెట్టిన చోటునే కళ్లు అంటిపెట్టుకోవడం. ఇవన్నీ మనల్ని కాపాడాలనే ఒళ్లు చేస్తుంది. వాలి ఉన్న బండికి మాత్రం ఇవే ముప్పు. ఉన్నట్టుండి థ్రాటిల్ మూస్తే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, బండి గీత తప్పి బయటికి, ఏ అంచును చూసి భయపడ్డామో ఆ అంచు వైపే పోతుంది. బిగుసుకున్న చేతులకు బండి తిరగదు.

అందుకే పిట్‌లో కుర్రాళ్లు ‘గుండె ఉండాల మావా’ అనుకుంటుంటే నాకు మనసు ఒప్పదు. భయాన్ని శత్రువులా చూడడం మనకు కథల్లోంచి వచ్చిన అలవాటు. నాకైతే భయం నిజాయితీ గలదనిపిస్తుంది. దాని దగ్గరున్న సమాచారం పాతది, అంతే. పరీక్షకు వణికే పిల్లాడికి భయపడొద్దని చెప్పే పెద్దవాళ్లను రోజూ చూస్తుంటాం. ఆ మాట విని భయం పోయిన పిల్లాణ్ని నేను చూడలేదు. ఒక్క లెక్క వాడి చేత పూర్తిగా చేయిస్తే మాత్రం, ఆ ఒక్క లెక్క మేరకు పోతుంది.

మొన్న శనివారం పొద్దున ట్రాక్ మీద మాకు నేర్పే సీనియర్ చేయించింది అలాంటి పనే. బ్రేకులు ముట్టుకోకూడదు, నాలుగో గేరు దాటకూడదు. అంటే స్ట్రెయిట్‌లో ఎంత ఊపుగా వచ్చినా ఆ వేగంతో మలుపులోకి వెళ్లలేం, ముందే తగ్గించుకోవాలి. ధ్యాస జేబులో డబ్బులాంటిదని కోడ్ అంటాడు. గేరు మీద కొంత, బ్రేకు మీద కొంత ఖర్చయ్యాక మలుపుకు మిగిలేది చిల్లరే. ఆ పొద్దున ఖర్చులు ఆగాయి. కళ్లకు తీరిక దొరికింది. సీ వన్‌కు ముందు తారు మీద చెయ్యంత పొడవున నల్లటి అతుకు ఒకటి ఉంది. అన్నాళ్లూ దాని మీదుగానే పోయాను, ఆ పొద్దునే చూశాను. దాని ఎడమ అంచు దగ్గర బండిని తిప్పితే లోపలి రంగు గట్టు సరిగ్గా మోకాలి కిందికి వస్తోంది. ఒక బెత్తెడు ముందు తిప్పితే బయటికి పోతున్నాను. మళ్లీ మళ్లీ అదే అతుకు, అదే అంచు, అదే గట్టు. తరువాతి సెషన్‌లో బ్రేకులూ గేర్లూ మాకు తిరిగి వచ్చాయి, అతుకు మాత్రం అక్కడే ఉంది. ఈసారి నా చెవులు ఇంజిన్ మోత మీద ఉన్నాయి. మలుపు మొదట్లో ఉన్న శ్రుతి మధ్యలో తగ్గకుండా, కొద్దికొద్దిగా పైకే పోయింది. చెయ్యి థ్రాటిల్ మూయలేదని నాకు తెలిసింది ఆ శబ్దం వల్లనే.

ఇంతకీ ఆ నమ్మకం ఎవరిది? నాదేనని చెప్పుకోవడం తేలిక. నిజానికి దాన్ని నాకు ఇచ్చినవాళ్లు చాలామంది. మా మెకానిక్ అన్న ముందు రోజు రాత్రి వెనక చక్రం ఇరుసు నట్టు బిగించి, నట్టు మీదా ఫ్రేము మీదా కలిసేలా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాడు. నట్టు ఏమాత్రం కదిలినా గీత విడిపోతుంది. ఆయిల్ బోల్టుకు చిల్లు పెట్టి సన్నటి తీగ మెలేసి కట్టాడు. కూలెంట్ తీసేసి మామూలు నీళ్లు పోశాడు, ఒకవేళ పడితే వెనక వచ్చేవాడి చక్రం కింద జారుడు ఉండకూడదని. ఎండలో నిలబడిన మార్షల్ చేతిలో పసుపు జెండా ఉంది. ముందు ఎవరైనా పడి ఉంటే, పడినవాడు నాకు కనబడేలోపే జెండా కనబడుతుంది. నా వెనక వాలి వస్తున్న ముక్కూ మొహం తెలియని మనిషి తన గీత మీదే ఉంటాడని నేను నమ్ముతున్నాను, అతనూ నన్ను నమ్ముతున్నాడు. ఇంతమంది ఇలా కాపు కాస్తే తప్ప నా కుడిచెయ్యి స్థిరంగా ఉండదు. దాన్ని నా గుండెధైర్యం అని చెప్పుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

పైగా అది నిలవ ఉండేది కాదు. ఆదివారం మధ్యాహ్నం రేసుకు తారు కాలిపోతోంది. పొద్దుటి పట్టు టైరులో లేదు. ముందు చక్రం రెండుసార్లు సన్నగా జారి మళ్లీ పట్టుకుంది. శనివారం సంపాదించిన నమ్మకంలో కొంత అక్కడే వాపసు ఇచ్చేశాను. బ్రేకు కాస్త ముందే వేశాను, వాలు కాస్త తగ్గించాను. ఒకతను లోపలి నుంచి దాటి, నాకు చోటు వదిలి మరీ వెళ్లాడు. ఎన్నో స్థానంలో వచ్చానన్నది పెద్ద సంగతి కాదు. సీ వన్‌లో మాత్రం ఇంజిన్ శ్రుతి ఒక్క ల్యాప్‌లోనూ తగ్గలేదు.

సోమవారం సాయంత్రం మా వీధి కుర్రాడు గేటు దగ్గర కాపు కాశాడు. ‘అన్నా, పొద్దున్నే బైపాస్ ఖాళీగా ఉంటదన్నా. మోకాలు ఆనించేది నేర్పించన్నా’ అన్నాడు. వాణ్ని ట్రక్కు దగ్గరికి తీసుకెళ్లి నట్టు మీది తెల్లగీత చూపించాను. బైపాస్‌లో లారీలు రాల్చిన ఇసుక ఏ మలుపులో ఉందో చెప్పే జెండా లేదని, డివైడర్ సందులోంచి ఎదురొచ్చే ట్రాక్టరువాడు నీ గీత ఏదో ఎరగడని చెప్పాను. అక్కడ నేను వాలేది ఆ ఇరవై డిగ్రీల లోపే, అక్కడ నా భయం చెప్పేదే సరైన లెక్క.

‘మరెట్టన్నా?’ అన్నాడు.

‘ట్రైనింగ్ పెట్టినప్పుడు నాతో రా. నా పాత లెదర్ సూట్ నీకు సరిపోద్దేమో వేసుకుని చూడు. ట్రక్కులో రెండు బళ్లకు చోటుంది. బూట్లు మాత్రం కొనుక్కోవాల, నీ పాదం నాకంటే పెద్దది. మీ నాయనతో నేను మాట్లాడతాలే.’