తిరగని పళ్లచక్రం

అడుగున నున్నగా మెరుగు పెట్టిన టేకు పలక. దాని మీద గ్రామఫోను బాకా. పక్కన ఏ బాయిలరు నుంచో ఊడదీసిన ప్రెషర్ గేజి, వంచిన రాగి గొట్టాలు, పాత గోడగడియారం పొట్టలోంచి తీసిన పళ్లచక్రాలు. నడుమ రెండు రేడియో వాల్వులు నారింజరంగులో వెలుగుతుంటాయి. జేబులోని ఫోనులో ఘంటసాల పాట పెడితే ఆ బాకాలోంచి వినిపిస్తుంది. చూసినవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఎన్నేళ్ల నాటిది?" అనే. చేసినవాడు నవ్వి, "పోయిన నెలే చేశా" అంటాడు.

ఈ తరహా పనికి స్టీమ్‌పంక్ అని పేరు. 1987లో అమెరికన్ రచయిత కె.డబ్ల్యు. జీటర్ 'లోకస్' పత్రికకు ఉత్తరం రాస్తూ, తానూ తన మిత్రులూ రాస్తున్న విక్టోరియా కాలపు వింత కథలకు సరదాగా పెట్టిన పేరది. కాలక్రమంలో ఆ సరదా కథల్లోంచి చేతుల్లోకి దిగింది. తుక్కు కొట్లలో ఇత్తడి ఏరుకుని, టంకం వేసి, గడియారాలు, కీబోర్డులు, రేడియోలు, స్పీకర్లు తయారుచేసేవాళ్లు పుట్టుకొచ్చారు. 2009 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం ఈ వస్తువులతో ఒక ప్రదర్శనే పెట్టింది. అసలు సిసలు పాత పరికరాలు దాచిన భవనంలో పాతవిలా కనిపించే కొత్త వస్తువులు కొన్ని నెలలపాటు కొలువుదీరాయి.

వీటిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వెంటనే అనుమానమూ వేస్తుంది. ఇంత ఓపికతో ఆ మనిషి ఏ కాలాన్ని వెనక్కి పిలుస్తున్నాడు?

ఆవిరి కాలాన్నా? ఆ కాలంలో ఇలాంటి వస్తువే లేదు. ఎడిసన్ 1877లో తొలి ఫోనోగ్రాఫును వినిపించినప్పుడు అందులో ఉన్నది తగరపు రేకు చుట్టిన స్తూపం, సూది, చేత్తో తిప్పే పిడి. కరెంటు ప్రసక్తే లేదు. ఫ్లెమింగ్ మొదటి వాల్వు చేసింది 1904లో. శబ్దాన్ని పెంచగల వాల్వుకు డి ఫారెస్ట్ దారి తీసింది 1906లో. అప్పటికి విక్టోరియా రాణి పోయి అయిదేళ్లయింది. మైకు ముందు పాడి కరెంటుతో రికార్డు చేయడం 1925 దాకా వాడుకలోకి రానే లేదు. అంటే బాకానూ వాల్వునూ బాయిలరు గేజినీ ఒకే పలక మీద కూర్చోబెట్టిన వస్తువు ఏ కాలానికీ చెందదు. ఎవరూ బతకని గతం మీద ఈ బెంగ ఏమిటి?

దీన్ని ఈ తరం పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. కానీ వెనక్కి చూస్తే ప్రతి కాలమూ కొత్త యంత్రానికి పాత బట్టలు తొడిగినదే. పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు ఆవిరి ఇంజన్లకు గ్రీకు గుడి స్తంభాలను పోతపోసి నిలబెట్టారు. 1930ల మొదట్లో ఫిల్కో కంపెనీ రేడియోలు పాత చర్చి కిటికీ ఆకారంలో వచ్చాయి. కొత్తదంటే మనిషికి బెరుకు. తెలిసిన ముఖం తగిలిస్తే ఇంట్లోకి రానిస్తాడు. దీన్ని ఈసడించుకున్నవాడూ ఆ ఆవిరి కాలంలోనే ఉన్నాడు. 1849లో కళావిమర్శకుడు జాన్ రస్కిన్ వాస్తుకళకు ఏడు దీపాలను చెబుతూ అందులో ఒకదానికి సత్యం అని పేరు పెట్టాడు. చెక్కకు పాలరాయి రంగు వేయడం, అచ్చులో పోసినదాన్ని చేత్తో చెక్కినట్టు చూపడం ఆయన లెక్కలో మోసం. ఇవాళ మనం ఏ కాలపు సోకును అనుకరిస్తున్నామో, ఆ కాలపు మనస్సాక్షే ఆ సోకును తప్పుపట్టింది.

మరి మోసం ఎక్కడ మొదలవుతుంది? ముంబయి చోర్ బజారుకు వెళ్తే వరసగా గ్రామఫోన్లు కనిపిస్తాయి. చాలావాటిలో మోటారు ఏదో పాత పెట్టె గ్రామఫోనుది, చెక్కపెట్టె కొత్తది, ఇత్తడి బాకా కొత్తది. ముందువైపు గ్రామఫోను కంపెనీ గుర్తయిన కుక్క బొమ్మ అంటించి పాతదని అమ్ముతారు. విదేశీ సేకర్తలు వీటిని చూసి వెక్కిరిస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రదర్శనకు పెట్టినవాడు చేసిందేమిటి? అతనూ పాత విడిభాగాలు ఏరాడు, కొత్త ఇత్తడి బిగించాడు. ఒకరిది కళ, ఇంకొకరిది నకిలీ. చేతిపని దాదాపు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

ఆ కుక్క బొమ్మ కథ వింటే ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు మొదట వేసిన బొమ్మలో కుక్క వింటున్నది గ్రామఫోను కాదు, స్తూపం తిరిగే ఫోనోగ్రాఫు. దాని నల్లబాకా బొమ్మకు కళ తేవడం లేదని, ఇత్తడి బాకా ఒకటి అరువడగడానికి ఆయన లండన్‌లోని గ్రామఫోను కంపెనీకి వెళ్లాడు. ఫోనోగ్రాఫు చెరిపి మా యంత్రం వేస్తే బొమ్మ కొంటామన్నారు వాళ్లు. 1899లో దాని మీదే రంగు పూసి గ్రామఫోను వేసిచ్చాడు. కింద పాత యంత్రం ఆనవాలు ఇప్పటికీ తెలుస్తుందంటారు. మన తాతలు రికార్డు కొనేటప్పుడు అసలుదో కాదో తేల్చుకోవడానికి వెతికిన గుర్తే ఒక అతుకు!

అసలు 'అసలు' అనేది ఉందా? 'మిళింద పన్హ' అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు యవనరాజును అడిగిన ప్రశ్న ఇదే. నువ్వెక్కి వచ్చిన రథం ఏది? ఇరుసా, చక్రాలా, నొగలా? ఏ ఒక్కటీ కాదు. అవన్నీ విడిగా కుప్పపోస్తే అదీ కాదు. అన్నీ ఒక తీరున కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరే రథం. ఈ మాట ఒప్పుకుంటే చోర్ బజారు గ్రామఫోనుకూ ఊరట దొరుకుతుంది. పాట పలికినంతసేపు అదీ గ్రామఫోనే. అబద్ధం ఇత్తడిలో లేదు, "ఇది తొంభై ఏళ్లనాటిది సార్" అనే మాటలో ఉంది. వస్తువుకు వయసు గురించి బొంకడం చేతకాదు. బొంకేది మనమే.

అంతమాత్రాన వస్తువు ఆకారానికి నీతి లేదని కాదు. పైన చెప్పిన పలకనే దగ్గరగా చూడండి. బాకా గొంతు దగ్గర సన్నగా ఉంటుంది. అక్కడి పొర చిన్నదే, కానీ గట్టిగా కొట్టుకుంటుంది. గదిలోని గాలి విశాలం, తేలిక. పొర నేరుగా ఆ గాలిలోకి పలికితే దాని శక్తిలో చాలా భాగం గాలికి అందదు. బాకా ఒక లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా వెడల్పవుతూ ఆ చిన్న కదలికను గదికి అందిస్తుంది. కాబట్టి బాకా అందానికి అందం, పనికి పని. పక్కన ఉన్న పళ్లచక్రం మాత్రం జిగురుతో అంటించింది. అది దేన్నీ తిప్పదు, తానూ తిరగదు.

వాల్వుల సంగతీ అంతే. నిజమైన వాల్వులో ఫిలమెంటు, చాలా రకాల్లో 6.3 వోల్టులకు, మెల్లగా ఎర్రబడుతుంది. అది వేడెక్కి పాట రావడానికి కాసేపు ఆగాలి. పాత రేడియోలున్న ఇళ్లవాళ్లకు ఆ ఎదురుచూపు గుర్తే. ఇప్పుడు చవగ్గా దొరికే కొన్ని యాంప్లిఫయర్లలో వాల్వు కింద నారింజరంగు ఎల్ఈడీ పెడుతున్నారు. స్విచ్ వేయగానే దీపం వెలుగుతుంది. పాటను పెంచే పనంతా అడుగున దాగిన చిప్పుది. పైన పటారం, లోన లొటారం.

అయితే పనిచేయనిదల్లా అబద్ధమేనా? గడపకు రాసిన పసుపు తలుపును గట్టిపరచదు. దాన్ని ఎవరూ మోసమనరు. అది గొళ్లెంలా నటించదు కనుక. అలంకారం అలంకారంగా ఉన్నంతవరకు మనిషి సంతోషానికి సాక్ష్యం. పనిముట్టు వేషం కట్టినప్పుడే పేచీ. తిరగని చక్రం "నేనే ఈ పాటను తిప్పుతున్నా" అన్నట్టు నిలబడితే, చూసేవాడి తెలివిని తక్కువ చేసినట్టు.

ఇక్కడ ఇంకో పక్షానికీ న్యాయం చేయాలి. తిరగని చక్రం యంత్రం లోపల ఏదో ఉందని బొంకుతుంది. ఇవాళ్టి మెరిసే వైర్‌లెస్ ఇయర్‌బడ్ లోపల ఏమీ లేనట్టు బొంకుతుంది. మరమేకు కనపడదు, అతుకు కనపడదు. బ్యాటరీని జిగురుతో బిగించేస్తారు, కొన్నేళ్లకు అది నీరసిస్తే మొత్తం చెత్తబుట్టకే. విప్పి చూడాలన్న కోరికే మనిషిలో పుట్టకుండా చేసే అందం అది. ఈ రెండు బొంకుల్లో ఏది మనిషిని ఎక్కువ చిన్నబుచ్చుతోంది? నాకైతే రెండోదే అనిపిస్తుంది. తుక్కులోంచి స్పీకరు చేసేవాడు వెతుక్కునేది ఆవిరి కాలాన్ని కాదు, లోపల ఏముందో చూసి అర్థం చేసుకునే హక్కును. ఐరోపా సమాఖ్య కూడా చివరికి దీన్ని చట్టం దాకా తెచ్చింది. 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో చాలావాటి బ్యాటరీని వాడుకరే తీసి మార్చుకోగలగాలి.

ఈ హక్కు మాట తలచుకున్నప్పుడల్లా నాకు మొరాదాబాద్ గుర్తొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరు ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. పాత సర్క్యూట్ బోర్డులను కాల్చి, యాసిడ్‌లో ముంచి లోహం తీసే ఊరూ అదే. ఆ బూడిద రామగంగ ఒడ్డున పోగుపడింది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడకానికి తెచ్చినట్టు లెక్కకు అందింది 22.3 శాతమే. ఒకరు పాత రేడియో విప్పితే అభిరుచి, మరొకరు విప్పితే ఊపిరితిత్తుల జబ్బు. రాగి ఒకటే, తీగ ఒకటే. చేతికి తొడుగు ఉందా, పనికి గౌరవం ఉందా అన్నదే తేడా. తుక్కును ప్రేమించే కళ ఆ తుక్కులో బతికేవాళ్లను మరిచిపోతే అది మనుషుల కళ ఎలా అవుతుంది?

చేతిపని ఒంటరిగా గాలిలోంచి పుట్టదని కూడా ఒప్పుకోవాలి. పలక మీద కొత్తగా బిగించిన వాల్వు స్లొవేకియాలోనో రష్యాలోనో ఒక ఫ్యాక్టరీలో చేసింది. 1924లో గాంధీని యంత్రాలన్నీ వద్దంటారా అని అడిగితే సింగర్ కుట్టుమిషనును మినహాయించాడు. దాన్ని చేయడానికి ఫ్యాక్టరీ కావాలి కదా అని గుచ్చి అడిగితే, కావాలి, కానీ అలాంటివి ప్రభుత్వ అదుపులో ఉండాలన్నాడు. జవాబు నచ్చినా నచ్చకపోయినా ఆయన ప్రశ్నను దాటవేయలేదు. యంత్రం మంచిదా చెడ్డదా అనడిగితే తేలదు. అది ఎవరి చేతిని పెంచుతోంది, ఎవరి చేతిని నరుకుతోంది అని అడగాలి.

అందుకని ఈ పనిలో చేయిపెట్టేవాళ్లకు నా మనవి ఇంతే. చక్రం పెడితే తిరిగేదే పెట్టండి. అందానికే అయితే అందానికేనని చెప్పండి. జిగురు మాని మరమేకు వాడండి, రేపు ఇంకొకరు విప్పుకోగలిగేలా. పాత వాల్వు రేడియో విప్పేముందు ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చని గుర్తుంచుకోండి. చివరగా ఒక కాగితం మీద ఏ భాగం ఎక్కడిది, ఏది పాతది, ఏది కొత్తది, ఎలా విప్పాలి, తుక్కులోంచి మీకు దాన్ని ఏరి ఇచ్చింది ఎవరు అన్నీ రాసి మూత లోపల అంటించండి. ఆ కాగితం ఉన్న వస్తువును నకిలీ అని ఎవరూ అనలేరు.