హిమాలయం అడ్డున్న నేల, అడ్డులేని నేల

హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణా కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకొని, పంజాగుట్ట కూడలి మీదుగా విమానాశ్రయానికి బయలుదేరే యువతలో ఎందరికో గమ్యం అమెరికాలోని డల్లాస్ నగరం. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమిపై, అంటే పైభాగం దాదాపు చదునుగా ఉండే ఎత్తయిన నేలపై, గ్రానైటు బండల నడుమ వెలసిన నగరం కాగా, డల్లాస్ పల్లపు మైదానంలో విస్తరించింది. మే నెలలో మండిపోయే హైదరాబాదును జూన్‌లో నైరుతి ఋతుపవనాలు, అనగా ఋతువును బట్టి దిశ మార్చుకొనే గాలులు, వానలతో చల్లబరుస్తాయి; అటువంటి ఊరట లేని డల్లాసులో జులై, ఆగస్టు నెలలే ఎండలకు పరాకాష్ఠ. మధ్య ఆసియా శీతల గాలులను హిమాలయాలు నిలువరించడం వల్ల హైదరాబాదులో చలికాలం తేలికగా గడిచిపోతుంది; ఉత్తర అమెరికాలో తూర్పు పడమరలుగా సాగే అటువంటి పర్వతశ్రేణి లేనందున ధ్రువప్రాంతపు గాలి డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం దాకా అడ్డులేకుండా దిగివస్తుంది. 2021 ఫిబ్రవరిలో డల్లాస్ ప్రాంతపు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్‌కు చేరువ కాగా, టెక్సాస్‌లో కరెంటు పోయి లక్షలాది మంది అల్లాడారు. కనుక పిల్లలను సాగనంపే తల్లిదండ్రులు ఆవకాయ, గోంగూర పచ్చళ్ళతో పాటు అక్కడి గాలి, నేలల స్వభావాన్ని గురించిన ఎరుకను కూడా వారికి అందించడం మేలు. చేరబోయే చోటును ముందుగా తెలుసుకోవడం ఆ నేలకు చూపే గౌరవం, ప్రాణాలకు రక్షణ కూడా.